నలభై ఏడో గడి

ఇందిరాపురం,
6 నవంబరు 2025

అక్కా,

కంప్యూటరు సంగతి ఫోనులో మాట్లాడవట. ఏమేం చేయాలో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపాలట. "మామా, మమ్మీ బోల్ రహీ హై, ఐసీయూ మే నోటిమాట ఆర్డర్ నహీ చల్తా" అని నీ నర్సు రూలు అనుగ్రహ చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎనిమిది నెలలుగా నా ఫోను ఎత్తని దానివి, ఉత్తరమైనా చదువుతానన్నావు, అదే పదివేలు.

నిజానికి ఇది నేను వచ్చి చేయాల్సిన పని. ఇందిరాపురం నుంచి ఫరీదాబాద్ రావడం పెద్ద ప్రయాణమేమీ కాదు. కానీ బావగారి సంస్మరణ కూడికలో నలుగురి ముందూ "నా గడప తొక్కకు" అన్నావు. తొక్కను.

అనుగ్రహ పంపిన వీడియో చూశాను. కంప్యూటరు కంపెనీ గుర్తు దాకా వచ్చి ఆగి మళ్ళీ మొదటికి పోతోంది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టం చెడిపోయింది, బావగారి ఫైళ్ళు మాత్రం డిస్కులో ఉండే ఉంటాయి. పాతదంతా తుడిచి కొత్త సిస్టం వేసి క్రిస్మస్ లోపల చర్చికి ఇస్తావట, పాటలు గోడ మీద చూపించుకోవడానికి. మంచిదే.

కవరులో రెండు పెన్ డ్రైవులున్నాయి. ఎర్రదానిలో కొత్త సిస్టం ఉంది. అది ఐఎస్ఓ అనే ఫైలుగా దొరుకుతుంది, అంటే ఇన్‌స్టాలేషన్ డిస్కునంతా ఒక్క మూటగా కట్టిన ఫైలు. మూట దారిలో చిరగలేదని తేల్చుకోవడానికి దానితోపాటు అరవై నాలుగు అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. ఆ అక్షరాలకి అర్థమేమీ ఉండదు. అయినా నా దగ్గర వచ్చిన వరుసతో ఒక్కొక్కటే సరిపోల్చుకుని, అప్పుడే ఎర్రదాని మీద రాయించాను. అందులో ఇంకేమీ పెట్టకు. నీలంది ఖాళీ, బావగారి ఫైళ్ళ కోసం.

ఇక నీ ఆర్డరు. ఒకటి, ఎర్రది గుచ్చి, స్విచ్చి వేసి ఎఫ్ పన్నెండు మీట నొక్కుతూ ఉండు. వచ్చిన పట్టికలో యూఎస్‌బీ ఎంచుకో. రెండు, "ట్రై" అన్నది నొక్కు, "ఇన్‌స్టాల్" కాదు. అప్పుడు కంప్యూటరు పెన్ డ్రైవు మీదే నడుస్తుంది, పాత డిస్కుని ముట్టుకోదు. మూడు, పాత డిస్కు తెరిచి బావగారి ఫోల్డరు మొత్తం నీలందానిలోకి కాపీ చెయ్యి. నాలుగు, కాపీ అయినవాటిని తెరిచి చూసుకో. ఐదు, అన్నీ చూసుకున్నాకే ఇన్‌స్టాల్. "ఎరేజ్ డిస్క్" ఎంచుకుని, ఖాళీ చోటంతా తిరగరాయమనే గడిలో టిక్కు పెట్టు. గంటలు పడుతుంది, పట్టనీ. బావగారి ప్రెస్సుకి అచ్చు పనికి వచ్చినవాళ్ళ ఆధార్ కాపీలు, ఫోటోలు అందులో ఉన్నాయి, అవి చర్చికి పోకూడదు. ఆ టిక్కు పెట్టాక పాతది ఎవరూ వెనక్కి తేలేరు, గుర్తుంచుకో.

సంతకం పెట్టాను.

నథానియేలు

---

ఫరీదాబాద్,
13 నవంబరు 2025

నథానియేలుకి,

ప్రభువు కృప వల్ల ఇక్కడ తల్లీకూతుళ్ళం లేచి తిరుగుతున్నాం. మీరూ అక్కడ అలాగే ఉండి ఉంటారు.

నీ కవరు సోమవారం వచ్చింది. చేతిరాత ఇంకా గుండ్రంగానే ఉంది. మీ బావ దిద్దించిన రాత కదా, ఎక్కడికి పోతుంది. అమ్మ పోయాక పదహారేళ్ళవాడివి బాపట్ల నుంచి మా ఇంటికి వచ్చావు. నాలుగేళ్ళు ఆ ప్రెస్సులోనే చదువుకున్నావు, అక్కడే ఆయన పక్కన కూర్చుని టైపు నేర్చుకున్నావు. నువ్వు మర్చిపోయావేమోనని రాస్తున్నాను.

గడప తొక్కకు అన్నానన్నావు. అన్నాను. ఆయన పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే గేటు దాకా రానివాడికి గడపతో పనేముంది? నీ గృహప్రతిష్ఠకి ఆయన మూడు రోజులు కూర్చుని పిలుపు కార్డులు వేసి తెస్తే, నీ ఆఫీసు వాళ్ళ ముందు ఏమన్నావు? "బావగారూ, ఈ ఫాంటుని ఇంకా పట్టుకుని వేలాడేది మీరొక్కరే. ఈ అక్షరాలు మీతోనే పోతాయి" అన్నావు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఆ తరవాత ఆరేళ్ళు నీ పేరెత్తలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు చర్చికి ఇవ్వడం ముఖ్యం కాదు. ఆ కంప్యూటరులో ఆయన రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఫిబ్రవరిలో, పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కునుకు తీసే రోజుల్లో, నాలుగు రోజులు కూర్చుని టైపు చేశారు. ఏ పేరుతో దాచారో చెప్పలేదు. ఆయన ఫైళ్ళకి పేర్లుండవు, ప్రెస్సు పనుల నంబర్లే. ఆ ఒక్కటీ పోతే మిగతావన్నీ దక్కినా నాకు దక్కనట్టే. ఎవరికి రాశారని మాత్రం అడగకు.

నాలుగో మాట మీద ఒక సందేహం. ఫైలు తెరుచుకుంది గానీ లోపల అక్షరాలు సరిగా లేకపోతే ఏం చేయాలి? అది నువ్వు రాయలేదు. సగం ఆర్డరు మీద నేను మందివ్వను. రాసి సంతకం పెట్టి పంపు.

అక్క
జయకుమారి

---

ఇందిరాపురం,
17 నవంబరు 2025

అక్కా,

మీటింగు మధ్యలో రాస్తున్నాను, లేకపోతే వారమంతా కుదరదు.

గేటు దాకా రాలేదన్నావు. వచ్చాను. మార్చి తొమ్మిది, ఆదివారం, పొద్దున పదకొండింటికి మీ ఆసుపత్రి పార్కింగులో ఉన్నాను. వస్తున్నానని అనుగ్రహకి మెసేజ్ పెడితే "మామా, అభీ మత్ ఆవో, మమ్మీ మనా కర్ రహీ హై" అని జవాబు వచ్చింది. నువ్వు వద్దన్నాక ఎలా పైకి ఎక్కను? గంటసేపు కారులో కూర్చుని వెళ్ళిపోయాను. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అందుకే నువ్వు కూడికలో అరుస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. రావద్దన్నది నువ్వే, రాలేదన్నదీ నువ్వే.

గృహప్రతిష్ఠ రోజు నేనన్నది వేళాకోళం. బావగారితో అలా మాట్లాడే చనువు ఉందనుకున్నాను. ఆరేళ్ళు పేరెత్తకుండా ఉండేంత మాటా అది? పైగా అందులో అబద్ధం ఏముంది?

ఉత్తరం ఎవరికని అడగొద్దన్నావు, అడగను. నీకో అనుగ్రహకో అయి ఉంటుంది. నాకు కాదని మాత్రం తెలుసు.

నీ సందేహానికి జవాబు. తెరిచినప్పుడు పిచ్చి గుర్తులూ అర్థం లేని అక్షరాలూ కనిపిస్తే అది పాడైన ఫైలు. ముసలి డిస్కుల్లో మామూలే. అలాంటివి దాచుకోకు, వైరసు కూడా ఉండొచ్చు. నీలందానిలోంచి తీసేసి ముందుకు పో. ఉత్తరం బాగున్నవాటిలో దొరుకుతుంది.

ఇదిగో సంతకం.

నథానియేలు

---

ఫరీదాబాద్,
27 నవంబరు 2025

నథానియేలుకి,

దేవుడు ఇంకా ఓపిక ఇస్తున్నాడు, డ్యూటీకి వెళ్ళి వస్తున్నాను.

మంగళవారం సెలవు పెట్టి నువ్వు రాసినట్టే చేశాను. చార్టు గీసుకుని ప్రతి పనికీ టైము వేసి పొట్టి సంతకం పెట్టాను. తొమ్మిదీ పదికి ఎర్రది గుచ్చాను. తొమ్మిదీ యాభై ఐదుకి కాపీ పూర్తయింది. పది నుంచి మూడు దాకా ఒక్కొక్క ఫైలూ తెరిచాను. మూడూ ఇరవైకి ఇన్‌స్టాల్ నొక్కి, తిరగరాయమనే గడిలో టిక్కు పెట్టాను. ఏడూ నలభై ఐదుకి కొత్త తెర వచ్చింది. అనుగ్రహ చప్పట్లు కొట్టింది.

ఫోటోలన్నీ బాగున్నాయి. ఇంగ్లీషులో టైపు చేసిన బిల్లులు, దరఖాస్తులు అన్నీ బాగున్నాయి. అరవై ఒక్క ఫైళ్ళు మాత్రం పాడైపోయాయి. తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, విరిగిన గీతలు. విచిత్రం ఏమిటంటే పాడైనవన్నీ తెలుగువే అయి ఉండాలి, ఎందుకంటే మంచివాటిలో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. నీ ఆర్డరు ప్రకారం అరవై ఒకటీ తీసేశాను. వార్డులో ఏది పారేసినా ఏం పారేశామో రాసిపెడతాం, ఆ అలవాటు కొద్దీ ప్రతిదాని మొదటి వరుసా గుర్తు పక్కన గుర్తు చార్టులోకి ఎక్కించి అప్పుడు తీసేశాను. సగం పొద్దు దానికే పట్టింది.

ఉత్తరం దొరకలేదు.

ఇప్పుడు చెబుతాను. అది నీకు రాసిన ఉత్తరం. మాస్కు పెట్టే ముందు నా చెయ్యి పట్టుకుని "నాథాకి ఉత్తరం రాసి కంప్యూటరులో పెట్టాను, వాడికి చెప్పు" అన్నారు. నేను చెప్పలేదు. ఆయన బతికుండగా రానివాడివి ఉత్తరం ఉందంటే పరిగెత్తుకు వస్తావని ఒళ్ళు మండింది. ముందు నేను చదివి, నీకు ఇవ్వదగ్గదైతే ఇద్దామనుకున్నాను. మెషీను చెడిపోయేదాకా అలా నాన్చాను.

మార్చి తొమ్మిది సంగతి అనుగ్రహని అడిగాను. నిజమేనట. ఆ రోజు ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా ఉండి, పాస్టరుగారితో సహా ఎవర్నీ పైకి రానివ్వొద్దని దానికి చెప్పాను. ఎవర్నీ అన్నాను గానీ నిన్ను అనలేదు. నువ్వు వస్తున్నావని అది నాకు చెప్పనే లేదు. పెంచిన ఇల్లు వద్దందని ఒక్క మెసేజ్‌తో ఎలా నమ్మావు? నేనైతే గార్డుని తోసుకుని వచ్చేదాన్ని.

పాడైనవాటిలో ఆ ఉత్తరం కూడా పోయిందా? తెలిస్తే రాయి.

అక్క
జయకుమారి

---

ఇందిరాపురం,
1 డిసెంబరు 2025

అక్కా,

పద్నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తు. ఈ ఒక్కసారికి ఎత్తు.

ఆ ఫైళ్ళు పాడవలేదు. ఒక్కటీ పాడవలేదు. నేను ఎంత గాడిదనో నీకు అర్థమయ్యేలా రాస్తాను. బావగారి కాలంలో కంప్యూటరుకి తెలుగు రాదు. అందుకని ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగిన ఫాంటు ఒకటి చేశారు. లోపల ఉండేది డాలరు గుర్తే, పైన కనిపించేది తలకట్టు. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే నువ్వు చూసిన చెత్త. ఆ ఫాంటు పాత సిస్టంలో ఉంది, నేను పంపిన ఎర్రదానిలో లేదు. అంతే జరిగింది. ఫైళ్ళని అలాగే ఉంచి ఉంటే నేను ఇక్కడ ఒక్క నిమిషంలో తెరిచేవాణ్ణి.

ఇది నాకు తెలియదా? నాలుగేళ్ళు బావగారి పక్కన కూర్చుని ఆ ఫాంటులోనే టైపు చేశాను. ఏ తెలుగు ముక్కకి ఏ గుర్తో నా వేళ్ళకి తెలుసు. ఆరేళ్ళ కిందట అందరిలో దాన్నే ఎగతాళి చేశాను. నువ్వు సరిగ్గా దాని గురించే అడిగితే, మీటింగులో కూర్చుని, ఆలోచించకుండా పాడైనవి తీసేయమని రాసి సంతకం పెట్టాను.

నాకు రాసిన ఉత్తరమని ముందే ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే గడప సంగతి పక్కన పెట్టి వచ్చేవాణ్ణి. నా చేత్తోనే తెరిచేవాణ్ణి. ఎనిమిది నెలలు నా ఉత్తరాన్ని నా దగ్గర దాచావు అక్కా.

డిస్కు మీద ఆశ లేదు, ఆ టిక్కు నేనే పెట్టించాను. నీలం పెన్ డ్రైవులో తీసేసినవి కొన్నిసార్లు వెనక్కి వస్తాయి. దాన్ని ఎవరూ ముట్టుకోకండి. వెంటనే పంపు. చార్టు కూడా పంపు.

నాథా

---

ఫరీదాబాద్,
6 డిసెంబరు 2025

నథానియేలుకి,

ప్రార్థన చేసి కూర్చుని రాస్తున్నాను. లేకపోతే చేతికి వేరే మాటలు వస్తాయి.

నీలంది పంపుతున్నాను గానీ ఆశ పెట్టుకోకు. బుధవారం దాకా బల్ల మీదే ఊరికే పడి ఉంది. అనుగ్రహ అడిగితే ఇచ్చాను. కాలేజీ ఫెస్ట్ వీడియోలు నిండా నింపుకుంది. పిల్లని ఏమీ అనకు, అది నా తప్పు. మంచి ఫైళ్ళు ముందే కొత్త సిస్టంలోకి ఎక్కించేసుకున్నాను, దానితో ఇక పనిలేదనుకున్నాను.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో తప్పు ఆర్డరు మీద ఒక్క సూది వేయలేదు. అనుమానం వస్తే డాక్టరుని నిలబెట్టి అడిగాను. ఇక్కడా అడిగాను. అక్షరాలు సరిగా లేకపోతే ఏం చేయాలని అడిగి, జవాబు రాయించుకుని, సంతకం చూసుకుని చేశాను. అర్థం లేని అరవై నాలుగు అక్షరాలని కళ్ళు చించుకుని సరిపోల్చుకున్నావు. ఆయన అక్షరాలని చూడకుండానే చెత్త అన్నావు. నీ కాగితం నా దగ్గరే ఉంది, ఫైలులో పెట్టుకున్నాను.

నేను దాచబట్టే ఇంత జరిగిందని రాశావు. అవును. ఆయన నోటితో చెప్పారు, అది నోటి ఆర్డరని పక్కన పెట్టాను. నా మొగుడి ఆఖరి మాటని. అది నాకు నువ్వు చెప్పక్కర్లేదు. వంట చేస్తూ, మార్కెట్టుకి పోతూ, ప్రార్థనలో కళ్ళు మూసుకుని అదే అనుకుంటున్నాను.

చార్టు నాలుగు కాగితాలు. అరవై ఒక్క గడులు. నాకు అర్థం కాకపోయినా గుర్తు తప్పు పోకుండా రాశాను.

అక్క

---

ఇందిరాపురం,
18 డిసెంబరు 2025

అక్కా,

నీలందానిలో అనుగ్రహ స్నేహితుల డ్యాన్సులు తప్ప ఏమీ దొరకలేదు. ఆఫీసులో ఇలాంటి పని తెలిసిన ఇద్దరికి చూపించాను. వాళ్ళూ అదే అన్నారు.

తరవాత నీ చార్టు ముందేసుకుని కూర్చున్నాను. ఫాంటు కోసం వీరరాఘవులుగారికి ఫోను చేశాను, బావగారి ప్రెస్సులో మొదట పనిచేసినాయన. విజయవాడలో ఇప్పటికీ దానితోనే పెళ్ళికార్డులు వేస్తున్నారు. వెంటనే పంపారు. నువ్వు రాసిన గుర్తులు ఒక్కొక్కటే కొట్టి ఫాంటు తొడిగాను. అక్కా, ఎక్కడా ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదు. నీకు తెలియని రాతని నువ్వు రాసినట్టు తెలిసిన రాతని నేనెప్పుడూ రాయలేదు.

ఒకటో గడి బాప్తిస్మం పిలుపు. తొమ్మిదోది మాణిక్యాంబగారి సంస్మరణ కూడిక. ఇరవై రెండు నుంచి ముప్పై దాకా క్రిస్మస్ పాటలు, మీ చర్చికి కావలసినవే. ముప్పై ఆరోది మా గృహప్రతిష్ఠ కార్డు. ఆ కార్డుని ఆయన తీసేయలేదు.

ఉత్తరం నలభై ఏడో గడిలో ఉంది. నువ్వు రాసిన వరుస మొత్తం ఇది:

"నాథా, ఈ అక్షరాలు తెరవగలవాడివి నువ్వొక్కడివే. మీ అక్కకి చెప్పలేక నీకు రాస్తున్నది ఏమిటంటే"

వరుస అక్కడితో అయిపోయింది.

నీకు పంపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నువ్వు దాచినట్టు నేనూ దాచొచ్చు. కానీ నీకు కూడా ఇందులో వాటా ఉంది.

కోపం ఉంటే ఉండనీ. ఒక్కటి మాత్రం గుర్తు తెచ్చుకుని చెప్పు. ఎక్కడైనా, వేరే కాగితం మీదైనా, చార్టు వెనకైనా, ఆ ఫైలు రెండో వరుస రాసుకున్నావా?

నాథా

---

ఫరీదాబాద్,
22 డిసెంబరు 2025

నథానియేలుకి,

రెండో వరుస రాసుకోలేదు. ఒక్కో ఫైలుకి ఒక్కో గడి గీశాను. గడిలో ఒక్క వరుసే పట్టింది.

ఇరవై తొమ్మిదేళ్ళ సంసారంలో నాకు చెప్పలేనిది ఆయనకి ఏముంటుంది? అనుగ్రహ గురించా, జబ్బు గురించా, నా గురించా? రోజుకొకటి అనుకుంటున్నాను. ఏది అనుకున్నా కాదనడానికి ఆయన లేరు.

కంప్యూటరు నిన్న చర్చికి ఇచ్చాం. బాగా పనిచేస్తోంది. గోడ మీద పాటలు తెలుగులో చక్కగా కనిపిస్తున్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఎవరు చేశారని పాస్టరుగారు అడిగితే నీ పేరే చెప్పాను.

ఎర్ర పెన్ డ్రైవు ఇందులో పెట్టాను.

జయకుమారి